కొండ దిగిన చేతులు

అక్టోబరు 6, సోమవారం

పొద్దున్నే పరీక్ష అయింది. గుడ్డసంచిలో చేయి పెట్టి, లోపలికి చూడకుండా కందిపప్పు, పెసరపప్పు, మినప్పప్పు వేరు చేసి మూడు గిన్నెల్లో వెయ్యాలి. ఒక్క బద్ద కూడా తప్పు పడలేదు.

రోజూ ఈ జేబు రికార్డరుకు నేను చెప్పాల్సింది రెండే ముక్కలు. "డాక్టర్ హిమజ. వేళ్లు బాగున్నాయి, జ్వరం లేదు." కింద ఆఫీసులో అవి రెండే వింటారు. మిగతాదంతా నాకోసం చెప్పుకుంటున్నాను. ఈ కొండమీద మాట్లాడదామంటే ఇంకొక్కరే ఉన్నారు, మరియదాసుగారు. ఆయన నాకు కత్తి పట్టుకోవడం నేర్పిన గురువు. మాట్లాడతారుగానీ సగం రోజు నిద్రపోతారు.

మొదట్లో ఇక్కడ పదహారుమంది సర్జన్లం ఉండేవాళ్లం. ఎంత వడగట్టిన గాలి పీల్చినా, కూరగాయలు ఆవిరి పట్టించి తిన్నా, మొద్దు జ్వరం ఎలాగో ఒకలా పైకి ఎక్కివచ్చేది. జ్వరం మొదలవుతూనే వేళ్లు మొద్దుబారేవి, నాలుగురోజులు ఒళ్లు కాలేది, తగ్గేది, తగ్గాక కూడా అరచేతుల్లో, వేళ్లలో స్పర్శ తిరిగి వచ్చేది కాదు. ఒక్కొక్కరే సంచిలో పప్పులు ఏరలేక, పెట్టె సర్దుకుని దిగిపోయారు. మేమిద్దరం మిగిలాం. తీరం మొత్తానికి వేళ్లున్న సర్జన్లం మేమే.

మధ్యాహ్నం ఒక పిత్తాశయం తీశాను. రోగి కింద సాగరవలస ఆస్పత్రిలో, నేను పైన. నా చేతులకు తొడుగులు, అక్కడ యంత్రానికి చేతులు. అది ముట్టుకున్నది నా వేళ్లకు తెలుస్తుంది. మెత్తదనం తెలుస్తుంది, గట్టిదనం తెలుస్తుంది, నాళం కొట్టుకోవడం తెలుస్తుంది. వేడి మాత్రం తెలియదు. ఎవరి కడుపులో చేయి పెట్టినా ఫ్రిజ్‌లో పెట్టినట్టే ఉంటుంది.

అక్టోబరు 7, మంగళవారం

శేషు ఫోన్ చేశాడు. మణికట్టు దగ్గర పెద్ద బొబ్బ. టీ గిన్నె అంచు ఆనుకుందట.

"నీకెలా తెలిసింది?"

"వాసనొచ్చింది," అన్నాడు, ఏదో పక్కింటి సంగతి చెప్పినట్టు.

మా ఆయన రేవులో క్రేన్ నడిపేవాడు. జ్వరం తగిలి వేళ్లు పోయాక, మీటలు ఎంత నొక్కుతున్నాడో తెలియదని పనిలోంచి తీసేశారు. ఇప్పుడు ఇంట్లోనే ఉండి లహరిని చూసుకుంటున్నాడు. దానికి ఆరేళ్లు. వాళ్ల నాన్న జ్వరంతో వార్డులో ఉన్నన్నాళ్లూ అది మా అత్తగారి దగ్గర ఉండటంతో దానికి అంటలేదు. అప్పట్నుంచీ గడప దాటనివ్వడం లేదు. ఇల్లు ఇక్కణ్ణుంచి కనిపిస్తుంది, వాటర్ ట్యాంకు పక్కన పసుప్పచ్చ డాబా. నేను కొండెక్కి ఏడాది దాటింది.

"టీకా సంగతేమన్నా తెలిసిందా?" అన్నాడు.

"వస్తుందంటున్నారు."

"పోయినేడాది కూడా అదే అన్నారు."

"నేనేం చెయ్యను శేషూ?"

"నిన్ను చెయ్యమన్నానా? అడిగానంతే."

లహరి ఫోన్ లాక్కుని, ఊడిన పన్ను చూపించింది. తెర నిండా నోరే. ఆ చిగురు మీద కొత్త పన్ను మొన తేలిందేమో వేలితో తడిమి చూడాలనిపించింది. గాజుమీద వేలు పెట్టాను. గాజే తగిలింది.

అక్టోబరు 9, గురువారం

వాయుగుండం తుఫానైందట. మరియదాసుగారు కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని సముద్రాన్ని చూస్తున్నారు. ఆయనకు అరవై మూడేళ్లు, మోకాళ్లు అరిగిపోయాయి, గుండెకు రెండు స్టెంట్లు.

"టవర్ నిలబడుతుందంటావా?" అన్నారు.

కిందికీ పైకీ ఉన్న సంబంధమంతా ఆ టవరే. అది పడితే తొడుగులు వట్టి గుడ్డలు.

"నిలబడాలి సార్."

"పాత చర్చి గంటస్తంభం కూడా నిలబడాలనే కట్టారు," అన్నారాయన.

ఒకచోట కూర్చోలేకపోతున్నాను. వరండాలో ఈ చివర్నుంచి ఆ చివరికి నడుస్తున్నాను. శేషుకు ఫోన్ చేసి కొవ్వొత్తులు వద్దు, లైట్లు చార్జింగ్ పెట్టు అన్నాను. లోపల ఉన్నవి అన్నీ గాజుగ్లాసులు, అటక మీద పెట్టెయ్ అన్నాను. పగిలిన గాజు పట్టుకున్నా తనకు తెలియదు. "సరే, సరే" అన్నాడు. మళ్లీ చేశాను. ఎత్తలేదు.

అక్టోబరు 10, శుక్రవారం

తెల్లవారకముందే టవర్ పడిపోయింది. శబ్దం కూడా వినపడలేదు, గాలి అంత ఉంది. తొడుగులు వేసుకుని చూశాను. చల్లటి రబ్బరు, అంతే.

పదింటికి పోలీసు వైర్‌లెస్ పలికింది. కింద ఆస్పత్రి నుంచి కిరీటి. ఒకప్పుడు నా దగ్గర పనిచేసిన కుర్రాడు. కొండమీదికి వచ్చిన మూడోవారానికే వేళ్లు పోయి దిగిపోయాడు. ఇప్పుడు కింద యంత్రం పక్కన నిలబడి మాకు సాయం చేస్తుంటాడు. కళ్లతో చూసి కోస్తాడు, చూసి కుడతాడు. కనబడనిచోట మాత్రం ఏమీ చెయ్యలేడు.

"మేడం, గోడ కూలి ముగ్గుర్ని తెచ్చారు. ఇద్దరికి ఎముకలే. మూడోవాడు సింహాద్రి అని, చేపల వేటకెళ్లేవాడు. ఎడమ డొక్క మీద పడింది. ప్లీహం పగిలింది. కడుపు ఉబ్బిపోతోంది."

"తెరువు."

"తెరిస్తే అంతా రక్తమే మేడం. లోపల ఏదీ కనబడదు. చేత్తో తడిమి నాళం పట్టుకోవాలి. నా చేతికి..." ఆగాడు. "నా చేతికేం తెలుస్తుంది మేడం?"

మరియదాసుగారు లేచి నిలబడ్డారు. "చెప్పులెక్కడున్నాయి?" అన్నారు.

"మీరెక్కడికి సార్?"

"చూడు హిమజా, నాకు ఇంకో నాలుగేళ్ల పని మిగిలుంది. నీకు పాతికేళ్ల పని ఉంది. కిందికి దిగినవాళ్లను మళ్లీ పైకి రానివ్వరు. పోతే ఎవరి వేళ్లు పోవాలో నువ్వే చెప్పు."

ఆయన చెప్పింది న్యాయమే. కానీ కారు దారి కొట్టుకుపోయింది. ఉన్నది మెట్లదారి, సగం మెట్లమీద నీళ్లు జలపాతంలా దూకుతున్నాయి. ఆయన వరండా మెట్లు మూడు దిగేసరికే రెయిలింగ్ పట్టుకుని ఆగిపోయారు. మోకాలు చేత్తో పట్టుకుని తనలో తను ఏదో గొణుక్కున్నారు. ప్రార్థనో తిట్టో తెలియలేదు.

"నేనెళ్తాను సార్," అన్నాను.

ఆయన లోపలికి వెళ్లి తన మంచి మాస్కు తెచ్చి ఇచ్చారు.

నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. దిగుతుంటే సింహాద్రి ఒక్కడే మనసులో లేడు. పసుప్పచ్చ డాబా కూడా ఉంది.

అక్టోబరు 11, శనివారం

నిన్న కిందికి చేరాక జరిగింది ఇవాళ చెబుతున్నాను. నిన్న నోరు పెగల్లేదు.

సగం దారిలో జారి నీళ్లలో పడ్డాను. మాస్కు తడిసి ముద్దయింది. ఆస్పత్రికి చేరి ఇంకోటి వేసుకున్నానుగానీ అప్పటికే ఆ వరండాలో జనం మధ్యనుంచి నడిచాను. కరెంటు లేదు, గాలి వడగట్టే యంత్రాలు లేవు, దగ్గేవాళ్లు మాత్రం ఎక్కడ చూసినా ఉన్నారు. అంటుకుని ఉండొచ్చు. అంటుకోకపోయి ఉండొచ్చు. అది తేలాలంటే జ్వరం రావాలి, లేకపోతే వారం గడవాలి.

కిరీటి కడుపు తెరిచి ఉంచాడు. రక్తం అంచుదాకా నిండి ఉంది. నూకరత్నం సిస్టర్ లైటు పట్టుకుంది. నేను చేయి లోపలికి పంపాను.

వేడి.

పల్చటి గ్లవ్‌లోంచి మణికట్టుదాకా వేడి. ఏడాదిగా నా చేతికి తెలియనిది అదే. వేళ్లు వాటంతటవే దారి వెతుక్కున్నాయి. పక్కటెముకల కిందికి, వెనక్కి, చితికిన ప్లీహాన్ని చుట్టి, దాని కాడ దగ్గరికి. అక్కడ నాళం పిట్ట గుండెలా కొట్టుకుంటోంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య బిగించి పట్టుకున్నాను. పొంగడం ఆగింది. కిరీటి రక్తం పీల్చేశాక అప్పుడు కళ్లకు కనబడింది. క్లాంపు వేశాడు.

"ఏటమ్మా, ఏడస్తన్నారా?" అంది నూకరత్నం.

"చెమట."

"సెమటే లెండి," అని గాజుగుడ్డతో కళ్లు తుడిచింది.

కుట్లు అయ్యాక కిరీటి నా చేతులవంకే చూస్తూ నిలబడ్డాడు. "ఎలా ఉంటుంది మేడం? మర్చిపోయాను," అన్నాడు.

సింహాద్రి బతికాడు. ఈ సంగతి చెప్పాక మామూలుగా అయితే ఈ రోజు మాటలు ఆపేసేదాన్ని. కానీ నిన్న మధ్యాహ్నం దాటాక శేషు వచ్చాడు.

నేను దిగానని పోలీసులు చెప్పారట. లహరికి మా అత్తగారిని కాపలా పెట్టి, నడుంలోతు నీళ్లలో నడిచి వచ్చాడు. తనకు జ్వరం వచ్చి పోయింది, మళ్లీ రాదు, తన వల్ల ఎవరికీ అంటదు. అందుకని నేరుగా వచ్చి నన్ను కావలించుకున్నాడు. తడిచొక్కా, వెన్నెముక, మెడమీద పెరిగిన జుట్టు. అన్నీ తెలిశాయి నాకు. తను నా వీపుమీద చేతులు ఎక్కడ పెట్టాడో చూసుకుంటూ పెట్టాడు.

"పద, ఇంటికి," అన్నాడు.

"ఎలా వస్తాను? ఈ వార్డుల్లో గాలి పీల్చాను. లోపల జ్వరం ఉందో లేదో."

"జ్వరం బయటపడేదాకా ఇంకొకరికి అంటదన్నారుగా."

"అన్నారు. ముందురోజే అంటుతుందని కూడా అన్నారు. ఎవరికీ ఖాయంగా తెలియదు శేషూ."

"మాస్కు వేసుకుని ఒక్క పూట. ఇవాళ. ఇవాళ్టికి ఏమీ కాదు, నీకూ తెలుసు."

ఇవాళ్టికి ఏమీ కాకపోవచ్చు. నిజమే. నేను తడబడటం చూశాడు.

"హిమా, నాకు జ్వరం వచ్చే ముందురోజు లహరికి తలంటాను. తర్వాత దాన్ని ముట్టుకుంటే తెలియదని నాకు తెలియదు. గబగబా నీళ్లు పోసేసి పనికెళ్లిపోయాను. నీకు తెలుసు గదా. తెలిసి కూడా రావా?"

వరండాలోంచి నూకరత్నం కేకేసింది. "అమ్మగోరూ, పేగు మెలికపడిన ముసలమ్మని తెచ్చారండీ. గిలగిల్లాడిపోతంది!"

నేను ఆ కేకవైపు తల తిప్పాను. అంతే. శేషు అది చూశాడు.

"అర్థమైంది," అని వెళ్లిపోయాడు.

లహరికి అంటుతుందని భయపడి వెళ్లలేదా, లేక ఏడాది తర్వాత చేతికి మనిషి కడుపు తగిలేసరికి వదలలేక వెళ్లలేదా? పొద్దుట్నుంచి ఇదే ఆలోచిస్తున్నాను. రెండూ నిజమేననుకుంటాను. అదే బాధ.

అక్టోబరు 13, సోమవారం

వేళ్లున్న డాక్టరు దిగిందని ఊరూరా పాకింది. పడవలమీద, తలుపు చెక్కలమీద, మోసుకొస్తున్నారు. ముసలమ్మ పేగు సరిచేశాను. అడ్డం తిరిగిన బిడ్డను కడుపు కోసి తీశాను, ఆడపిల్ల. మేకు గుచ్చుకుని రెండురోజులైనా తెలియని తాపీమేస్త్రీ అరచేయి చీము పట్టింది, అది కిరీటి చేశాడు. చూసి చేసే పనులు కిరీటివి, చూడకుండా చేసేవి నావి. మాటల్లేకుండానే అలా పంచుకున్నాం.

మధ్యమధ్యలో బొటనవేలితో మిగతా వేళ్లను రుద్ది చూసుకుంటున్నాను. చొక్కా అంచు నలిపి చూసుకుంటున్నాను. నూకరత్నం రెండుసార్లు చూసి ఊరుకుంది, మూడోసారి నా చేతిలో వేడి టీగ్లాసు పెట్టింది.

"తెలుస్తందా?"

"కాలుతోంది సిస్టర్!"

"అయితే తాగండి," అంది.

సాయంత్రం గేటు దగ్గర పడవ ఆగింది. శేషు. ఒడిలో లహరి, కళ్లు తప్ప ఏమీ కనబడకుండా మాస్కు కట్టించాడు. నేను మేడమీది కిటికీలోకి పరిగెత్తాను. వాళ్లకూ నాకూ మధ్య ఒక వీధి వెడల్పు నీళ్లు.

"అమ్మా, నువ్వు చిన్నగా అయిపోయావేంటి?" అని అరిచింది. దానికి ఏడాదిగా నేను ఫోన్ నిండా ఉండే మొహాన్ని.

"నువ్వు పెద్దగా అయిపోయావు, అందుకే!"

"కిందికి రా!"

"రాలేనమ్మా."

"కొండ దిగావు కదా! మెట్లు దిగలేవా?"

శేషు దాని చెవిలో ఏదో చెప్పాడు. అది వినలేదు. చేయి చాపి అలాగే ఉంచింది, పడవ మలుపు తిరిగేదాకా. నేను కిటికీ చువ్వ పట్టుకుని నిలబడ్డాను. తుప్పు గరుకు, చల్లదనం, వాన తడి, అన్నీ ఎంత బాగా తెలిశాయో. ఆ చువ్వమీద కోపం వచ్చింది.

అక్టోబరు 15, బుధవారం

త్వరగా చెబుతాను, ఒళ్లు వణుకుతోంది.

పొద్దున ఒక పెద్దాయన చిల్లుపడిన పేగు కుడుతున్నాను. రక్తం ఊరుతుంటే వెనక గోడ వేళ్లతోనే చూసుకోవాలి. ఉంగరపు వేలు కింద సూది మొన తగలాలి. తగల్లేదు. సూది ఇంకా లోపలే ఉందనుకుని ఇంకొంచెం తోశాను. గ్లవ్‌లోంచి బయటికి వచ్చింది, వేలిలోంచి. నొప్పి లేదు.

చేయి కదపకుండా ఆపాను.

"కిరీటీ, నా వేలు పోయింది."

అతను నా మొహంవైపు ఒక్కసారి చూశాడు. "ఏది మేడం?"

"ఉంగరపు వేలు. చిటికెనవేలు కూడా. మిగతావి ఉన్నాయి, ఎంతసేపుంటాయో తెలియదు. నేను గోడ బయటికి తెచ్చి పట్టుకుంటాను, నువ్వు చూసి కుట్టెయ్."

గ్లవ్ మార్చి, మిగిలిన బొటనవేలు, చూపుడువేలితో పేగును నెమ్మదిగా తిప్పి వెలుతుర్లోకి తెచ్చాను. కిరీటి వంగి కుట్టాడు. పది నిమిషాలో, అరగంటో. చూపుడువేలు కింద పేగు మెత్తదనం కొంచెం కొంచెంగా తగ్గిపోయింది, చీకటి పడుతున్నట్టు. చివరి కుట్టు ముడి వేసేసరికి నేను చేతులతో కాదు, కళ్లతో పట్టుకుని ఉన్నాను.

పెద్దాయన బాగున్నాడు. నేను వెనక్కి తప్పుకుని గోడకి ఆనుకున్నాను. నూకరత్నం నా నుదుటిమీద ముంజేయి ఆనించి, "ఒళ్లు పేలిపోతంది," అంది.

అక్టోబరు 20, సోమవారం

జ్వరం తగ్గింది. ఆఫీసుకు చెప్పాల్సిన రెండు ముక్కలు ఇప్పుడు మారాయి. డాక్టర్ హిమజ. జ్వరం లేదు, వేళ్లు లేవు.

మొదటిరోజు గంజిగ్లాసు పట్టుకున్నాననుకుని వదిలేశాను. రెండోరోజు గట్టిగా పట్టుకున్నాననుకున్నాను, ప్లాస్టిక్ గ్లాసు చేతిలోనే నలిగిపోయింది. చేతులు ఎవరో నా మణికట్లకు కట్టినట్టున్నాయి. బయట మనుషులందరూ ఇలాగే బతుకుతున్నారని ఏడాదిగా తెలుసు. తెలియడం వేరు.

సింహాద్రి గోడ పట్టుకుని నడుస్తూ నా మంచం దగ్గరికి వచ్చాడు.

"మీరు నా కడుపులో సెయ్యెట్టారంట కదమ్మా."

"పెట్టాను."

"ఏటి తగిలింది?"

"వేడిగా ఉంది సింహాద్రీ."

"మావల్లే మీ సేతులు పోయాయంటన్నారు."

"గాలివల్ల పోయాయి. నీవల్ల కాదు."

అతను నమ్మలేదు. నేను కూడా ఓదార్చడానికి ఇంకేం చెప్పలేదు. నిజంగా వ్యథ పడుతున్నాడు, పడనిచ్చాను. వెళ్తూ వెళ్తూ, "సంద్రంలో సీకట్లో వల లాగితే బరువును బట్టి ఏ సేపో సెప్పీవోణ్ణి. మీకాడా అంతే గావాల," అన్నాడు. అతనికీ వేళ్లు లేవు, పోయినేడాదే పోయాయి.

అక్టోబరు 23, గురువారం

తాత్కాలిక టవర్ నిలబెట్టారు. మొట్టమొదట మరియదాసుగారే పిలిచారు.

"ఎలా ఉన్నావమ్మా?"

"సెలవులో ఉన్నాను సార్," అన్నాను.

"యంత్రం చేతులు నీళ్లలో మునిగి పాడైపోయాయట. కిరీటి చెప్పాడు. కానీ వాటి వేళ్ల చివర తాకిడి పట్టే టోపీలు బాగానే ఉన్నాయట."

"ఉన్నాయి."

"అవి తీసి నీ వేళ్లకు తగిలించుకో. నీ వేళ్లు దేన్ని తాకితే అది ఇక్కడ నా వేళ్లకు తెలుస్తుంది. నేను నోటితో చెబుతాను, నువ్వు చేతితో చెయ్యి. పనికొస్తుందో లేదో నాకూ తెలియదు."

నాకు కోపం వచ్చింది. ఎందుకో తెలియదు. నా చేతుల్ని ఆయన అద్దెకు అడిగినట్టనిపించింది. రేపు చెబుతానన్నాను. పెట్టేశాను. మంచందాకా వెళ్లి మళ్లీ వచ్చి ఫోన్ చేశాను.

మధ్యాహ్నం ఒక హెర్నియా కేసు వచ్చింది, పేగు గజ్జల్లో ఇరుక్కుపోయింది. టోపీలు దారంతో వేళ్లకు కట్టి, పైన గ్లవ్ వేశాడు కిరీటి. చేయి లోపలికి పెట్టాను. నాకేమీ లేదు. శూన్యం. చెవిలో మాత్రం ఆయన గొంతు.

"ఆగు. మెత్తగా ఉంది, పేగే. ఇంకొంచెం లోపలికి. అబ్బ, అంత గట్టిగా కాదు. ఆ. ఇక్కడ అంచు గట్టిగా ఉంది, ఉరి అదే. కింద కొట్టుకుంటోంది చూడు, అది పెద్ద నాళం, దాని జోలికి పోకు. ఎడమకి. ఎడమకమ్మా, నీ ఎడమకి."

ఎప్పుడూ అయ్యేదానికి మూడింతలు సేపు పట్టింది. ఇద్దరం రెండుసార్లు కసురుకున్నాం. పేగు మాత్రం రంగు తిరిగింది, గులాబీగా, కళ్లముందే.

అయ్యాక కిరీటి నెమ్మదిగా అన్నాడు. "మేడం, నాలాంటివాళ్లు తీరం పొడుగునా ఎంతమంది ఖాళీగా కూర్చున్నారో తెలుసా?"

తెలుసు. కానీ వాళ్లందరికీ వేళ్లు అరవై మూడేళ్ల ఆ ఒక్క మనిషివే. ఆయనకు తుమ్మొచ్చినా నాకు గుండె జారుతుంది ఇకనుంచి. ఆ మాటే ఆయనతో అంటే, "అందుకే తొందరగా ఇంకొకరిని వెతికి పెట్టుకోండి," అన్నారు.

అక్టోబరు 25, శనివారం

అంటు పోయిందని ఆస్పత్రివాళ్లు తేల్చారు. ఇంటికొచ్చాను.

శేషు తలుపు తీశాడు. నా చేతిసంచి అందుకున్నాడు. లహరి పరిగెత్తుకొచ్చి, సరిగ్గా నా ముందు ఆగిపోయి, సిగ్గుపడి, తర్వాత నా నడుముకి చుట్టుకుంది. దాని తలమీద చేయి పెట్టాను. చేయి అక్కడ ఉందని కళ్లు చెప్పాయి. చేయి ఏమీ చెప్పలేదు.

నేను ఏడవకూడదనుకున్నాను. ఏడ్చాను.

భోజనాల దగ్గర శేషు అన్నాడు. "ఆరోజు నేనలా వెళ్లిపోకుండా ఉండాల్సింది."

"నేనలా తల తిప్పకుండా ఉండాల్సింది."

"తిప్పకపోతే ఆ ముసలమ్మ?"

"తెలుసు. అయినా."

ఇద్దరం అన్నం కళ్లతో చూసి కలుపుకుని తిన్నాం. ఇది సర్దుకుపోతుందని చెప్పలేను. మాట్లాడుకుంటున్నాం, ఇవాళ్టికి అంతే.

అక్టోబరు 28, మంగళవారం

పొద్దున లహరి దగ్గింది.

ఒక్క దగ్గే. నేను వంటింట్లోంచి మంచం దగ్గరికి ఎలా చేరానో తెలియదు. నిద్రమత్తులో ఉంది, బుగ్గలు ఎర్రగా అనిపించాయి. నుదుటిమీద అరచేయి పెట్టాను. ఏమీ లేదు. తిప్పి వేళ్ల వెనకభాగం పెట్టాను. అక్కడా ఏమీ లేదు. ఎన్ని వందలమంది నుదుళ్లు చూసిన చేయి ఇది. నావల్లేనా? ఇల్లు చేరి మూడురోజులైంది. ఆస్పత్రివాళ్లు తేల్చింది తప్పా? థర్మామీటర్ ఎక్కడుందని అరుస్తున్నాను, డ్రాయర్లో వస్తువులన్నీ కింద పోస్తున్నాను, ఏది చేతికి తగులుతోందో ఏది జారిపోతోందో తెలియక.

శేషు వచ్చి నా భుజాలు పట్టుకున్నాడు.

"చేయి కాదు హిమా. చెంప పెట్టు."

"ఏంటి?"

"చెంప. ఏడాదిగా నేనలాగే చూస్తున్నాను. మన వేళ్లే పోయాయి, మొహం పోలేదు."

మంచంమీద వంగి, దాని నుదుటికి నా చెంప ఆనించాను. కళ్లు మూసుకున్నాను.

తెలిసింది. చర్మం నునుపు తెలిసింది, నెత్తిన కొబ్బరినూనె జిడ్డు తెలిసింది, కణత దగ్గర సన్నగా కొట్టుకోవడం తెలిసింది. చల్లగా ఉంది. తెల్లవారుజామున నీళ్లకుండలా చల్లగా ఉంది.

"ఏముంది?" అన్నాడు శేషు వెనకనుంచి, ఊపిరి బిగబట్టి.

"లేదు. జ్వరం లేదు."

లహరి కళ్లు తెరిచి, నా మొహాన్ని రెండు చేతులతో తోసింది.

"లే అమ్మా, నీ తల బరువుగా ఉంది."

నేను లేవలేదు.